పెదాలు కదిపితే చాలు

"అమ్మా, నైన్ ఇయర్స్ నుంచి బ్యాక్ రోలో నిలబడి ఫిష్‌లా నోరు ఓపెన్ చేస్తున్నా. ఐ యామ్ డన్," అంది భవిత, రేపు ఉగాది ప్రోగ్రాం అనగా.

ఛాయాదేవి చేతిలో గరిటె ఆగిపోయింది. అమెరికాలో వాళ్ళుండే క్యారీ ఊళ్ళో ఆమె బృందగానానికి పేరుంది. ముప్పైమంది పాడతారు. వాళ్ళకి నేర్పడం కోసం గరాజ్ ఖాళీ చేసి, రెండు కార్లనీ పదేళ్ళుగా వానకి వదిలేసిన ఇల్లాలామె. సొంత కూతురే స్టేజి ఎక్కనంటే నలుగురిలో తలెత్తుకునేదెలా...

"నీకు శ్రుతి నిలవదనే కదమ్మా పెదాలు కదపమన్నాను. ఆ సంగతి అందరికీ తెలియాలా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నాకు సెవెన్ ఉన్నప్పుడు చెప్పావ్. మళ్ళీ ఒక్కసారైనా విన్నావా?"

"పోనీలే భవీ, నాకూ అదే చెప్పింది," అన్నాడు తండ్రి రఘు పెరుగన్నం కలుపుకుంటూ. "పెళ్ళయిన వారానికే."

ఎవరూ నవ్వలేదు. భవిత మేడ మీదికి వెళ్ళిపోయింది.

మర్నాడు స్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. భవిత ప్రేక్షకుల్లో ముందు వరసలో కూర్చుంది, తల్లి వంక చూడకుండా. ఛాయాదేవి శ్రుతిపెట్టె ఆన్ చేసి చెయ్యెత్తింది. స్టేజి మీద నోళ్ళన్నీ తెరుచుకున్నాయి. శబ్దం మాత్రం రాలేదు.

మైకులు పాడయ్యాయనుకుంది. ఒక్కొక్క ముఖమే చూస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది... రేణుకి పార్కింగ్‌లో చెప్పింది. బ్రహ్మయ్యగారికి ఫోన్‌లో చెప్పింది. 'మీరు పెదాలు కదిపితే చాలు, ఎవరితో అనకండి.' ఇలా ఒకరికి తెలియకుండా ఒకరికి, నళినికి తప్ప అందరికీ చెప్పేసింది. ఇన్నాళ్ళూ అందరి తరఫునా నళినే పాడుతూ వచ్చింది. ఆ పూట నళినికి జలుబు. ఇంతమంది ఉన్నారు కదా, ఈ ఒక్కరోజూ పెదాలు కదిపేస్తే సరిపోతుందిలే అనుకుని ఆవిడా ఎవరికీ చెప్పలేదు.

హాల్లో ఎవరో దగ్గారు. తనే అందుకుందామని ఛాయాదేవి మైకు వైపు అడుగు వేసింది.

అంతలోనే ముందు వరసలో భవిత లేచి నిలబడి పల్లవి ఎత్తుకుంది. శ్రుతిపెట్టె ఒకచోట, భవిత ఒకచోట. కానీ ఆ గొంతు తొణకలేదు. కింది మెట్టు మీద కాళ్ళు పాతుకుని నిలబడింది. ఛాయాదేవి చూపు శ్రుతిపెట్టె మీట మీదికి వెళ్ళింది. తనకి సంగీతం నేర్పిన గురువుగారిది ఐదున్నర శ్రుతి, తనదీ ఐదున్నరే. ఎవరూ మార్చకూడదని పెట్టె మీట మీద టేపు కూడా వేసింది. అంత పైకి అందుకోలేని వాళ్ళందరికీ శ్రుతే లేదని తేల్చేసింది... పిల్ల మూడు శ్రుతిలో నిక్కచ్చిగా పాడుతోంది.

వంగి గోటితో టేపు పీకింది. మీట మూడుకి తిప్పింది.

"ఇలా రా తల్లీ, మొదటినుంచి పాడు," అంది మైకులోనే. తర్వాత బృందం వైపు తిరిగి, "మీరూ పాడండి. గొంతులతో," అంది.

పాడారు. బ్రహ్మయ్యగారి గొంతుకి పక్క కౌంటీలో పడుకున్న పసివాళ్ళు లేచారని తర్వాత చెప్పుకున్నారు.

ఇంటికి వెళ్తుంటే వెనక సీట్లో కూతురి చెయ్యి పట్టుకుంది ఛాయాదేవి. "తొమ్మిదేళ్ళు నీ గొంతు వినకుండా ఉండిపోయాను కన్నా..."

"ఇవాళ విన్నావ్ కదమ్మా," అని భవిత ఆమె భుజం మీద తల వాల్చింది.

డ్రైవ్ చేస్తున్న రఘు కూడా కరిగిపోయి పల్లవి అందుకున్నాడు.

"పెదాలు చాలు," అన్నారు తల్లీకూతుళ్ళు, ఒకే శ్రుతిలో.