స్టీరింగుకు కట్టిన ఎర్రగుడ్డ

ఆ పొద్దున వీరస్వామి ఇంట్లో చాయ్ కంటే ముందు జాకీ లేచింది. రేకుల షెడ్డులో తెల్ల ఫియట్ ముందు చక్రాలు గాలిలో వేలాడుతుంటే, ఆయన దాని కింద వెల్లకిలా పడుకుని తనలో తాను గొణుక్కుంటున్నాడు. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరైన ఆయనకు ఆ పాత కారు మూడో సంతానం. కన్న ఇద్దరికంటే దాని మీదే ఆపేక్ష ఎక్కువని భార్య శ్యామలమ్మ దెప్పుతుంది. ఆ మాటలో పెద్ద అబద్ధమేమీ లేదు.

గుంత వచ్చినప్పుడల్లా కారు కింద టకటకమని చప్పుడవుతోంది. ముందు చక్రాలను పట్టుకుని ఉండే ఇనుప ఆర్ముల్లో రబ్బరు బుష్షులు అరిగి పిండైపోయాయి. అసలు కంపెనీవి దొరకవు. స్పేర్ పార్టుల దుకాణం శ్రీపాల్ ఎక్కడో వెతికి వేరే రకానివి తెప్పించాడు. వాటినే ఇప్పుడు ఎక్కిస్తున్నాడు.

ఆ బుష్షులకొక పట్టింపుంది. చక్రాలు వేలాడుతుండగా బోల్టు గట్టిగా బిగిస్తే, కారు నేల మీద వాలగానే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. అందుకని ముందు నట్లను చేత్తో తిప్పి వదిలేసి, కారును దించి, బరువంతా చక్రాల మీద పడ్డాకే స్పానరుతో బిగించాలి. వీరస్వామి కారు దించాడు. తీరా చూస్తే స్పానరు నోరు అరిగి జారిపోతోంది. శ్రీపాల్ దగ్గర ఇంకోటి తెద్దామని స్కూటర్ తీశాడు.

డిపోలో ఒక పద్ధతుండేది. పని సగంలో ఉన్న బండి స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టాలి. అది ఉన్నంతసేపూ ఎంతటివాడైనా ఆ బండిని కదపకూడదు. తొందరలో గడప పక్కన మేకుకు వేలాడుతున్న ఎర్రగుడ్డ లాక్కొచ్చి, గ్రీజు చేతులతోనే ముడి వేసి వెళ్లిపోయాడు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఇంట్లో చెప్పి చేసే అలవాటు ఆయనకు పెళ్లినాటి నుంచీ లేదు.

తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. నేల మీద నూనె మరక, పక్కన జాకీ. కారు లేదు.

"కారేది?"

శ్యామలమ్మ బకెట్ ముందు కూర్చుని ఏదో రుద్దుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "మనోజ తీస్కపోయింది. బస్సులన్నీ నిండి వస్తున్నయ్, ఒక్కటి ఆపుత లేరు. బడిల టీచరు ఇంటర్వ్యూకు టైమైతుందని బిడ్డ ఏడుస్తుంటే నేనే తాళంచెవి ఇచ్చిన. తిడితే నన్ను తిట్టు."

నిన్నటి గొడవ ఇంకా ఆరలేదు. కారు ఇమ్మని మనోజ అడిగింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న పిల్ల. ఆయన మాత్రం ఆడపిల్లకు బండెందుకని కసిరాడు. బానెట్ తెరవడం కూడా రాని కొడుకు పరమేష్‌కు మాత్రం అడగకముందే ఇస్తాడు.

"స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టిన గద?"

"కట్టినవ్. మైసమ్మ కాడ పెట్టి తెచ్చిన జాకెట్ గుడ్డకు గ్రీజు పూసి బండికి కడతవా? కండ్లు పోతయ్. బిడ్డ బట్టలు మార్చుకునే లోపల్నే విప్పి నానవెట్టిన." నురుగులోంచి గుడ్డ ఎత్తి చూపించింది.

వీరస్వామి అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"బోల్టులు బిగియ్యలే శ్యామలా. చేత్తోని తిప్పి ఇడిసిన. నట్లు ఊడితే చక్రం మడత వడతది."

ఆమె లేచిన విసురుకు బకెట్ బోర్లా పడింది. ఆయన కూతురికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు.

"ఎందుకెత్తుత లేదే?"

"నువ్వు జేస్తే ఎందుకెత్తుతది? తిట్లు తినెటందుకా?"

ఇంటి ఫోన్ నుంచి చేసినా అంతే. అదీ బాపే అనుకుని ఉంటుంది.

స్పానరు సంచిలో వేసుకుని, భార్యను వెనక ఎక్కించుకుని బడి వైపు పోయే సాగర్ రోడ్డు పట్టాడు. ఊరి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. మొరం టిప్పర్లు హారన్లు మోగిస్తూ స్కూటర్‌ను రాసుకుంటూ పోతున్నాయి. ఈ టిప్పర్ల మధ్య బిడ్డ కారు చక్రం వంకరపోతే? ఆ పైన ఊహించడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ప్రతి మలుపులోనూ రోడ్డు పక్క గుంతలోకి చూస్తూ, చూడటానికే భయపడుతూ నడిపాడు.

మంగళ్‌పల్లి దాటాక రోడ్డు పక్కన జనం గుంపు కనబడింది. మధ్యలో తెల్ల కారు పైకప్పు. వీరస్వామి స్కూటర్ ఆపాడు గానీ దిగలేకపోయాడు. శ్యామలమ్మే జనాన్ని తోసుకుంటూ వెళ్లింది. క్షణానికి వెనక్కొచ్చింది.

"మన కారు గాదు. ప్లాట్లు అమ్మేటోళ్లది. జనానికి ఊకె అన్నం వెడుతున్నరు."

అంతవరకు బిగబట్టిన ఏడుపు ఆమెకు అప్పుడు తన్నుకొచ్చింది. తడి గుడ్డ ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. "నేనే ఇప్పిన. నా చేతుల్తోనే ఇప్పిన. గుడ్డ కడితే ముట్టొద్దని ఒక్కనాడన్న జెప్పినవా? ఏండ్ల సంది ఒక్క ఇంట్ల ఉన్నం. చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోతయా?"

ఆయన స్కూటర్ స్టార్టు చేశాడు. "ఎక్కు," అన్నాడు.

మన్నెగూడ ఇంకా రాకముందే కారు కనబడింది. రోడ్డు దిగి, పక్కకు ఆగి ఉంది. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. మనోజ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, వంగి కారు కిందికి చూస్తోంది. తండ్రిని చూడగానే గబుక్కున లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ వెనకడుగు వీరస్వామి గుండెలో కలుక్కుమంది.

"బాపూ, జర తిట్టకు. స్టీరింగుకు ఎర్రగుడ్డ లేదని చూసినంకనే తీసిన."

"ఎర్రగుడ్డ సంగతి నీకెట్ల ఎరుక?"

"చిన్నప్పటి సంది చూస్తున్న గద. గుడ్డ ఉంటే డోర్ గూడ తియ్య. నీ పక్క సీట్లనే కూసుంటుంటి, నువ్వే చూడలే." ఆమె కారు వైపు చూపించింది. "బ్రేకు తొక్కితే పక్కకు గుంజింది. కింద టక్కుమన్నది. భయమైంది, ఆపిన. నువ్వు ఫోన్ జేస్తుంటే ఇంకా భయమైంది."

వీరస్వామి కారు కిందికి దూరాడు. ఒక నట్టు చివరి మరలకు వచ్చి, రేపో మాపో అన్నట్టు వేలాడుతోంది. ఇంకాస్త దూరం పోయి ఉంటే? స్పానరు నట్టుకు తగిలించాడు. అది టకటకా కొట్టుకుని జారిపోయింది. మళ్లీ తగిలించాడు. మళ్లీ జారింది. ఈసారి స్పానరు తప్పేం లేదు.

బయటికొచ్చి దాన్ని కూతురి ముందు చాపాడు.

"నా చేతులు ఆగుత లేవు బిడ్డా. నువ్వే బిగియ్యి."

మనోజ ఆ ముఖంలోకి చూసింది. తండ్రి ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కొంగు నడుముకు దోపి కిందికి దూరింది. ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చెబుతుంటే ఒక్కో నట్టూ బిగించింది. అన్నీ అయ్యాక ఆయన తడిమి చూసి, తలూపాడు.

ఆమె చేతుల నిండా గ్రీజు. శ్యామలమ్మ ముందుకొచ్చి తడి ఎర్రగుడ్డతో ఆ వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది.

"అమ్మవారి గుడ్డ గదనే," అన్నాడు వీరస్వామి.

"అయితే ఏంది? బిడ్డను ఇచ్చింది ఆ తల్లే."

"ఇంటర్వ్యూకు ఇంకా టైమున్నది బాపూ," అంది మనోజ, తాళంచెవి ఆయన వైపు చాపుతూ. "నువ్వు నడుపుతవా?"

ఆయన తాళంచెవిని ఆమె గుప్పిట్లోనే ఉంచి మూశాడు. "నీకు నడపస్తది. అమ్మను పక్కన కూసోవెట్టుకో. నేను స్కూటర్ మీద వెనక వస్త."

ముందు కారు, వెనక స్కూటర్. కొంచెం దూరంలో టిప్పర్ల తాకిడికి పడిన పెద్ద గుంత ఒకటుంది. మనోజ అక్కడ బండిని నెమ్మది చేసి, ఒక చక్రం తర్వాత ఒక చక్రం దింపి, అచ్చం తండ్రిలాగే దాటించింది. వీరస్వామి చెవులు రిక్కించి విన్నాడు. ఏ చప్పుడూ రాలేదు. ఆయన స్కూటర్ ఒక్క క్షణం ఆపి, కళ్లద్దాలు తీసి, చొక్కా భుజానికి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని కూతురి వెనకే సాగాడు.