కదలని సంచి

వానలో తడిసి వచ్చిన పెద్దావిడ చేతిలోని గొడుగు మూయడం కూడా మరిచిపోయింది.

“నన్ను దొంగనంటున్నారు సార్. ఇరవై నాలుగేళ్లు పనిచేశాను. మధ్యాహ్నం పన్నెండింటికి పోలీసులకి అప్పగిస్తారట.”

ఆమె పేరు ఒఫెలియా సెలెదోన్. ఎరేదియా కొండల మీద పాముకాటుకు మందు తయారుచేసే ప్రయోగశాలలో సీనియర్ పరిశోధన సహాయకురాలు. ప్రైవేట్ డిటెక్టివ్ కుస్తోదియో బ్రేనెస్ ఆమె ముందు వేడి కాఫీ పెట్టాడు. అతని సహాయకురాలు నూరియా నోటుపుస్తకం తెరిచింది.

సంగతి ఇది. గుర్రాలకు పాము విషం కొద్దికొద్దిగా ఎక్కిస్తే, దాన్ని విరిచే శక్తి వాటి నెత్తుటిలో పుడుతుంది. కనెల అనే ఆడగుర్రం ఈ విషయంలో మహారాణి. గురువారం ఒఫెలియా దాని నెత్తురు ఎనిమిది సంచులు తీసి, శీతల గదిలో పెట్టించి, సెలవు మీద వెళ్లింది. సోమవారం పరీక్షిస్తే అందులో విరుగుడు చుక్కయినా లేదు. అసలు సరుకు అమ్ముకుని ఇంకేదో పెట్టావని ఆమె మీద పడ్డారు.

“ఆ గదికి తాళంచెవులు ఎన్నమ్మా?” అడిగాడు బ్రేనెస్.

“రెండే. ఒకటి స్టోరు చూసే ఎలియేసెర్ దగ్గర. నాది గురువారం అయిదింటికే డైరెక్టరు గారికిచ్చి సంతకం పెట్టించుకున్నా.”

“తీసిన నెత్తురు యంత్రంలో తిప్పుతారా?”

అంత బాధలోనూ ఆమె నవ్వింది. “గుర్రం నెత్తురుకి యంత్రమెందుకు సార్? కదపకుండా వేలాడదీస్తే గంటలో ఎర్రది కిందికి దిగి, పచ్చటి ప్లాస్మా పైన తేరుతుంది. ఆవుదైతే రోజంతా పెట్టినా మొండికేసి అలాగే ఉంటుంది.”

తొమ్మిదింటికి ముగ్గురూ ప్రయోగశాలకు వెళ్లారు. కంచె దగ్గర ఒఫెలియా ఆగగానే కనెల నడిచొచ్చి మెడ ఆమె భుజం మీద వాల్చింది. సూది గుచ్చే చేతిని అంతగా నమ్మే జంతువును నూరియా ఎక్కడా చూడలేదు.

డైరెక్టర్ అర్గేదాస్ మాత్రం ముఖం గంటుపెట్టుకున్నాడు. “నేను ఆ గురువారం అయిదింటికే, ఆవిడ తాళంచెవి ఇవ్వగానే, పనామా సభకి పోయా. తాళంచెవి నా జేబులోనే ఉంది. సోమవారం పొద్దున తిరిగొచ్చా. అప్పుడే ఎలియేసెర్ సంచుల్ని బండిమీద తోసుకొచ్చాడు. కుదుపుకి కలిసిపోయాయనుకుని కొత్తవాళ్లు యంత్రంలో తిప్పేశారు. ఒఫెలియా గారుంటే అలా తిప్పనిచ్చేవారు కాదులెండి.”

తిడుతూనే ఆమెను పొగిడానని ఆయనకు తెలియలేదు. యంత్రంలో వేయకుండా మిగిలిపోయిన ఒక్క సంచిని బ్రేనెస్ ఆయన గదిలోనే కొక్కేనికి తగిలించి, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు.

స్టోరులో ఎలియేసెర్ వాళ్లను చుట్టాల్లా ఆదరించాడు. “మధ్యాహ్నం పేగుల సూపు తినిపోండి సార్! మా తమ్ముడు పశువధశాలలో పనిచేస్తాడు. వాడిచ్చే సరుకు ముందు మీ హోటళ్లు బలాదూర్!”

“తప్పకుండా. గురువారం తాళం వేసేటప్పుడు సంచులు బాగున్నాయా?”

“నేను చూడకుండా వేస్తానా? ఆరింటికి ఒక్కోటీ చూశా. పైన పచ్చగా, కింద ఎర్రగా, గీత గీసినట్టు తేరి ఉన్నాయి. నాకూ పదేళ్ల అనుభవముంది సార్.”

నూరియా ఆ మాటలు పొల్లు పోకుండా రాసుకుంది. వాటికి బ్రేనెస్ ఎందుకంత సంతోషించాడో ఆమెకు అంతుపట్టలేదు.

పన్నెండింటికి బ్రేనెస్ అందర్నీ డైరెక్టర్ గదిలోకి పిలిచాడు. కొక్కేనికి వేలాడుతున్న సంచి పైనుంచి కిందిదాకా చిక్కటి ఎరుపే.

“మూడు గంటలుగా ఇది కదల్లేదు. కానీ తేరలేదు. ఇది గుర్రం నెత్తురు కాదు.”

“మేమనేదీ అదేగా!” అన్నాడు అర్గేదాస్. “ఆవిడే మార్చేసింది.”

“గురువారం ఆరింటికి సంచులు చక్కగా తేరి ఉన్నాయని ఎలియేసెర్ గారే చెప్పారు. అంటే అప్పటికి లోపలున్నది గుర్రం నెత్తురే. ఆమె తాళంచెవి అప్పటికే మీ దగ్గరుంది, మీరు దాన్ని పనామా తీసుకెళ్లారు. ఇక ఆ గది తెరవగలిగింది ఎవరు?”

ఎలియేసెర్ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

“తమ్ముడి దగ్గర పేగులతో పాటు ఆవు నెత్తురూ దొరుకుతుంది,” అన్నాడు బ్రేనెస్. “బండి కుదుపుతో తేడా కప్పేశారు. పనిమంతుణ్ణని చూపించుకోబోయి నాతో నిజం చెప్పేశారు. అబద్ధమాడి ఉంటే నాకు చాలా కష్టమయ్యేది.”

నూరియాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

“అసలు సంచులు అలహువేలా ఊళ్లో ఒక దళారి దగ్గరున్నాయి,” అని గొణిగాడు ఎలియేసెర్.

అర్గేదాస్ లేచి చేతులు జోడించాడు. “ఒఫెలియా గారూ, మీ మీద ఇంత మాట అన్నాను. ఏ ముఖం పెట్టుకుని...”

ఆమె ఆయన వైపు చూడనే లేదు. నేరుగా ఎలియేసెర్ ముందుకెళ్లింది.

“చలిపెట్టెలో పెట్టావా, బయట పడేశావా? గడ్డకట్టించావా? నిజం చెప్పు!”

అతను తల దించుకున్నాడు. “నాలుగు డిగ్రీల్లోనే అమ్మా. గడ్డకట్టనివ్వలేదు. మీరు నేర్పినట్టే పెట్టా.”

అంతసేపూ ఏడవని మనిషి అప్పుడు కళ్లొత్తుకుంది. “అయితే ఇంకా పనికొస్తాయి! బండి తీయండెవరైనా, ఐసు పెట్టెలు నేను తెస్తా,” అంటూ పరుగులాంటి నడకతో బయటికెళ్లింది. తన నెత్తిన పడ్డ నింద తొలగిపోయిందన్న సంగతి ఆమెకు ఇంకా తట్టినట్టే లేదు.