వణుకు పోయిన వెండి గిన్నె

జావా దీవిలోని కోటగెడె ఊళ్ళో వెండి కొట్టే మోత ఎంతటిదంటే, అక్కడి కోళ్ళు కూడా తాళం తప్పకుండా కూస్తాయి. ఆ ఉదయం ఒక్క ఇంట్లోనే మోత లేదు. ఆ ఇంటాయన సస్త్రోదిరో తాత, ఒక గిన్నెను గుడ్డలో చుట్టుకుని వచ్చి డిటెక్టివ్ రుక్మి అరుగు మీద కూలబడ్డాడు.

"నా గిన్నె పోయిందమ్మా!"

"మరి ఆ చేతిలోది?"

"ఇది దొంగ పెట్టి పోయినది. నాదాని కన్నా బాగుంది!"

రుక్మి సహాయకుడు పైజో రిక్షా తొక్కుతాడు. రుక్మి ఒక్కసారి తుమ్మితే ముగ్గురు దొంగలు లొంగిపోయారని ఊరంతా చెప్పుకొస్తాడు. "అలాంటి దొంగ మా ఇంటికొస్తే రిక్షా వాకిట్లోనే వదిలేస్తాను" అన్నాడు. రుక్మి ఉరిమి చూసింది.

తాత మనవరాలు వెనింగ్‌కి మర్నాడే మంగళస్నానం, ఆపైన పెళ్ళి. పూలనీళ్ళు ముంచి పోయడానికి తామరరేకుల గిన్నె తాతే చేశాడు. తర్వాత గువ్వల కూత పోటీకని పొరుగూరు వెళ్ళి, నాలుగు రోజులుండి తిరిగొచ్చి చూస్తే ఇదీ వరస.

"నా చెయ్యి వణుకుతోందమ్మా. నా రేకులు వంకర. ఇవి చక్కగా ఉన్నాయి. ఇది నా శిష్యుడు వాగిమాన్ పనే. పెళ్ళికొడుకూ వాడే! పదిమందిలో నన్ను చవటని చెయ్యాలని తన గిన్నె పెట్టాడు. వాడికి పిల్లనివ్వను!"

తాత ఇంట్లో వెనింగ్ ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉంది. వాగిమాన్ తల దించుకుని కూర్చున్నాడు.

"నువ్వే చేశావా?" అడిగింది రుక్మి.

"చేసుంటే ఎగిరెగిరి చెప్పుకునేవాణ్ణి కదమ్మా! నాకింకా అంత పని రాదు."

రుక్మి అతను చేసిన పళ్ళేలు చూసింది. తాత పాత పనులూ చూసింది. అన్నింట్లోనూ రేకుల ఈనెలు కుడికి ఒరిగి ఉన్నాయి. గిన్నె మీదవి మాత్రం ఎడమకి.

"చూశావా పైజో?"

"చూశానమ్మా. బాగుంది."

"నీ మొహం. ఏ పక్కకి ఒరిగాయో చూడు."

ఇంతలో తాత భార్య పైనెమ్ అవ్వ పచ్చటి కిపో మిఠాయి తెచ్చింది. తాత కొట్టిన వెండినంతా ఇన్నేళ్ళూ కుంకుడు నురగతో తోమి మెరిపించింది ఆవిడే. మర్యాదగా కుడిచేత్తో పళ్ళెం అందిస్తూ, ఎడమచెయ్యి నడుం వెనక దాచుకుంది. పళ్ళెం జారింది. ఆ దాచుకున్న చెయ్యే మెరుపులా వచ్చి పట్టేసింది. అరచేతిలో కొత్త బొబ్బ.

"ఏంటవ్వా అది?"

"బాణలి తగిలిందమ్మా."

రుక్మి ఇంకో కిపో నోట్లో వేసుకుని, అందర్నీ కొలిమి దగ్గరికి పిలిచింది. తాత కళ్ళకు గుడ్డ కట్టింది. ఒక గిన్నెను వేలితో మీటింది.

"బజారు సరుకు" అన్నాడు తాత. ఇంకోటి మీటింది. "వాగిమాన్‌ది. అంచు మందం, వాడి బుర్రలాగే."

మూడోది మీటింది. తాత ఆ మోత పూర్తిగా ఆగేదాకా విన్నాడు. "ఇది నాదే! ఎక్కడ దొరికిందమ్మా?"

గుడ్డ విప్పితే, ఎదురుగా అదే చక్కటి గిన్నె!

"గిన్నె మారలేదు తాతా. రేకుల్ని సరిచేశారంతే. సుత్తి కుడిచేత పట్టేవాళ్ళ గీతలు కుడికి ఒరుగుతాయి. ఇవి ఎడమకి ఒరిగాయి. ఈ ఇంట్లో వెండి పని రోజూ చూస్తూ ఎడమచెయ్యి దాచుకునే మనిషి ఒక్కరే. బొబ్బ కూడా ఆ చేతికే లేచింది" అంది రుక్మి.

అవ్వ ఆ చేతిని మళ్ళీ వెనక్కి పెట్టేసుకుంది.

"రేపు ఆ గిన్నె అమ్మలక్కల చేతుల్లో తిరుగుతుందయ్యా. ముసలాడి చెయ్యి పడిపోయిందని వాళ్ళు గుసగుసలాడితే నేను వినలేను. వెండి తోముతూ ఎప్పుడూ నీ సుత్తినే చూసేదాన్ని కదా, అదే వచ్చేసింది."

"మరి రాగానే చెప్పలేదేమే?"

"నువ్వు రేకుల్ని చూసి అంత చిన్నబోయాక ఏ మొహంతో చెప్పను? అయినా ఎడమచేత్తో అన్నం తిన్నందుకే మా అమ్మ వాత పెట్టింది. ఎడమచేత్తో వెండి కొడతానంటే నువ్వు ఊరుకుంటావా?"

తాత గిన్నెను ఇంకోసారి మీటాడు. తర్వాత వాగిమాన్‌ని చూసి, "ఏరా పెళ్ళికొడకా, ఆ మొహం ఏంటి? ఇలా వచ్చి కూర్చో. పని చూసి నేర్చుకో" అన్నాడు. వెనింగ్ ఏడుపులోనే నవ్వేసింది.

పెళ్ళికని తాత మొదలుపెట్టిన పళ్ళేనికి అంచు పని ఇంకా మిగిలి ఉంది. తాత వణికే చేత్తో సుత్తి తీసి అవ్వకి అందించాడు. అవ్వ అలవాటుగా కుడిచెయ్యి చాపింది.

తాత సుత్తి వెనక్కి లాక్కున్నాడు.

"ఆ చెయ్యి కాదే."