అత్త నోట ఆ మాట

“నా చేత్తో నా కొడుకును సంపుకోమంటావేందిరా! వాడు నీకు తోడబుట్టినోడు కాదా? నీకు నోరెట్లా వచ్చెరా నింగప్పా!”

వసారాలో చతికిలబడి ఉచ్చెంగమ్మ తల బాదుకుంటూంటే, పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతున్న పంపమ్మ చేతులు ఆగిపోయాయి. మళ్లీ మొదలైంది! రెండేళ్లుగా ఆ ఇంట్లో ఇదే గొడవ... పంపమ్మ మొగుడు నెట్టికంటప్ప సిపాయి. చైనా యుద్ధంలో మంచుకొండల మీద కనిపించకుండా పోయాడని మొదట తంతి వచ్చింది. చాలా కాలానికి, ఇక చనిపోయినట్టే అనుకోవాలని సర్కారు కాగితం వచ్చింది. తల్లీ, పెళ్లామూ బళ్ళారి ఆఫీసుకు వచ్చి, అధికారి ఎదుట ఔనని చెప్పి వేలిముద్ర వేస్తే పంపమ్మకు నెలనెలా పింఛను ఇస్తారట. చెప్పడానికి ఎంత సులువు! కానీ ఉచ్చెంగమ్మది ఒకటే పట్టు. శవాన్ని కళ్లతో చూడలేదు, పిడికెడు బూడిద చేతికి రాలేదు. యాడో బతికున్న కొడుకును పోయాడని తాను ముద్ర వేస్తే, ఆ ముద్రే వాడి ప్రాణం తీస్తుందని ఆమె వాదన. ఆమెకు నచ్చజెప్పబోయిన ఊరి పెద్దలంతా తిట్లు తిని తిరిగి వెళ్లినవాళ్లే.

“అన్న మీద నాకేమన్నా పగనా మా?” అన్నాడు నింగప్ప. “వానల్లేవు. సెనిక్కాయ ఇత్తనం కూడా తిరిగి రాలే. ఇంతమందికి నేను యాడ నుంచి తెచ్చేది? బళ్ళారి సత్యనారాయణపేటలో ఒక సావుకారి ఇంట్లో పసిబిడ్డను ఎత్తుకునేదానికి ఆడపిల్ల కావాలంట. హనుమక్కను పంపిస్తే దానికి కూడన్నా దొరుకుతాది... ఏమంటావు వదినా?”

పంపమ్మ రొట్టె వదిలేసి లేచి నిలబడింది. హనుమక్క... తన ఒక్కగానొక్క కూతురు! పలక చంకన పెట్టుకుని సంగనకల్లు బడికి గంతులేస్తూ పోయే పిల్ల, పరాయి ఇంట్లో ఎవరి బిడ్డనో మోస్తూ, ఎవరి మాటలో పడుతూ... నింగప్ప మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మరిది చెడ్డవాడైతే ఎంత బాగుండేది! పోట్లాడి అయినా గెలిచేది. తన పిల్లలకు పలచటి అంబలి పోసి, ఉన్న రొట్టె హనుమక్క కంచంలో వేసే మనిషిని ఏమని అంటుంది?

అసలు ఎవరితోనైనా పోట్లాడే ఓపిక పంపమ్మకు ఎప్పుడో పోయింది. ఆమె పెళ్లామూ కాదు, విధవా కాదు. ప్రతి శుక్రవారం అత్త ఆమెను పీట మీద కూర్చోబెట్టి, నిండుగా బొట్టు పెట్టి, చేతులకు గాజులు సరిచూసి లేపేది. వీధిలో ఆడవాళ్లు ఆ బొట్టు చూసి మూతులు తిప్పుకునేవాళ్లు. పేరంటానికి పిలవాలో వద్దో తెలియక కొందరు ముఖం చాటేసేవాళ్లు. మొగుడు పోయినా సింగారం తగ్గలేదని గిట్టనివాళ్లు వినేలాగే అనేవాళ్లు. అత్తకు ఎదురు చెప్పలేక, ఊరికి జవాబు చెప్పలేక, పంపమ్మ తల వంచుకుని కలుపుకు పోయి తల వంచుకునే ఇంటికి వచ్చేది. కానీ ఈవేళ కూతురి మాట వచ్చింది.

“అత్తా...” పిండిచేతులతోనే వచ్చి ఆమె ముందు కూర్చుంది. “నువ్వు ముద్ర ఎయ్యొద్దులే. నేనే పోతా, నా ఒక్కదాని ముద్రే తీసుకోమని అడుగుతా. ఆయన లేడని నా నోటితో నేనే చెప్తా. పాపమైతే నాకే తగలనీ... నా బిడ్డను మాత్రం ఒకరింటికి పంపను.”

ఉచ్చెంగమ్మ కోడలి ముఖంలోకి అలాగే చూసింది. తిట్టలేదు! శాపనార్థాలు పెట్టలేదు! లేచి లోపలికి వెళ్లి, కుంకుమ భరిణె తెచ్చి, ఎప్పటికంటే పెద్ద బొట్టు పెట్టింది.

“నడువు. నేనూ వస్తాండా,” అంది.

బళ్ళారి ఆఫీసులో ఎండ తిరిగేదాకా కూర్చుంటే గానీ పిలుపు రాలేదు. అధికారి శివరామకృష్ణయ్య తల ఎత్తి పంపమ్మను చూశాడు. చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఏమమ్మా, మొగుడు పోయాడు, పింఛను కావాలంటావు. నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని వస్తావు! ఉన్నాడో లేడో నువ్వే తేల్చుకోకపోతే నేనేం రాసుకోవాలి? ఇట్లాంటి మోసాలు రోజూ చూస్తున్నాం. పో, పోయి అది తుడుచుకుని పద్ధతిగా రా.”

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. పంపమ్మకు భూమిలోకి కుంగిపోయినట్లయింది. ఇంక సిగ్గెందుకు, మానమెందుకు! హనుమక్క బడికి పోతే చాలు... కొంగు పైకెత్తింది.

ఆ చేతిని ఉచ్చెంగమ్మ ఒడిసి పట్టుకుంది.

“తుడవొద్దు!”

అయిపోయింది, అనుకుంది పంపమ్మ. ఇక్కడా అత్త అదే పాట పాడుతుంది. కొడుకు బతికే ఉన్నాడంటుంది. తన కూతురి రాత ఇంతే!

“సామీ,” అంది ఉచ్చెంగమ్మ. గొంతు చాలా మెల్లగా ఉంది. “నా కొడుకు సచ్చిపోయినాడు.”

పంపమ్మ చేతిలోని కొంగు జారిపోయింది.

“తంతి వచ్చిన పొద్దే నా కడుపుకు తెలుసప్పా. కన్నదాన్ని, నాకు తెలీదా? ఈ పిల్లది మోసం కాదు. ఆ బొట్టు నేను పెట్టినా. నాకూ మొగుడు సిన్న వయసులోనే పాయ. బొట్టు తీసేసినాక నన్ను మనిషిగా ఎవరూ చూడలే. ఏ శుభానికీ నన్ను గడప దాటనియ్యలే... ఈ బిడ్డకు ఆ బతుకు వద్దనుకున్నా. కొడుకు బతికుండాడని నేను గట్టిగా అరుస్తాంటే, దీని గాజులు పగలగొట్టేదానికి ఎవరూ రాలేరు కదా! అందుకే అరిచినా... పిచ్చిదన్నారు, అననీ.” ఆమె బొటనవేలు చాచింది. “ముద్ర యాడ ఎయ్యాల చెప్పు, ఏస్తా. కానీ దీన్ని బొట్టు తుడుచుకోమనొద్దు. దేశానికని నా కొడుకును ఇచ్చినా సామీ... దీని ముఖం కూడా ఇయ్యల్నా?”

శివరామకృష్ణయ్య లేచి నిలబడ్డాడు. తన కుర్చీనే ఆమె దగ్గరికి జరిపి, “కూర్చో తల్లీ,” అని, సిరా పెట్టె తానే ఆమె చేతికి అందించాడు. ఉచ్చెంగమ్మ నిలబడే ముద్ర వేసింది.

పంపమ్మ అత్త ముఖంలోకి చూసింది. ఈ మహాతల్లినా తాను లోలోపల తిట్టుకున్నది! ఈమెనా మొండిదనుకున్నది! రెండేళ్లుగా అత్త ఈ మాట అంటే చాలునని దేవుళ్లకు మొక్కుకుంది. తీరా ఆ మాట బయటికి వచ్చేసరికి, వినకుండా ఉంటే బాగుండుననిపించింది. తనకు మాత్రం ఏ ఆశా లేదని ఇన్నాళ్లూ అనుకుంది... కాదు! అత్త అరుపులనే పట్టుకుని తానూ ఎదురుచూస్తూనే ఉంది!

వరండాలోకి వచ్చాక స్తంభం పట్టుకుని నిలబడిపోయింది.

“అంటే... రాడా అత్తా? ఇంక ఆయన రాడా?”

“రాడు తల్లీ,” అంది ఉచ్చెంగమ్మ, కోడలిని రొమ్ముకు అదుముకుంటూ.

నవ్విన మనుషుల మధ్యనే, ఆ వరండాలోనే, అత్తాకోడళ్లిద్దరూ నెట్టికంటప్ప కోసం మొదటిసారి కలిసి ఏడ్చారు.