బ్రాకెట్‌లో నీలం గేటు

“ఈ జరీ చీర ఏ సినిమాలోది?” అని అడిగింది అనఘ.

“విడుదల కాని సినిమాలోది,” అంది కౌంటర్ వెనక కూర్చున్న ఆవిడ, తలెత్తకుండానే.

కోడ్ సరిపోయింది. 

ఫిలింనగర్ సందులో ఉన్న ఆ దుకాణం షూటింగులకు బట్టలు అద్దెకిచ్చేది. ఒక పక్క రాజుల అంగరఖాలు, ఇంకో పక్క పోలీసు యూనిఫారాలు, మధ్యలో పెళ్లికూతురి చీరలు. యజమానురాలు కుసుమకుమారి. అసలు ఉద్యోగం దేశ భద్రతా విభాగంలో. ఆ సంగతి దుకాణంలో కొలతలు తీసే ఇద్దరికి తప్ప సందులో ఎవరికీ తెలియదు.

ట్రయల్ రూమ్ తలుపు వేసి, ఆవిడ గొంతు తగ్గించింది.

“చిన్మయ్ ఇవాళ కదులుతున్నాడు.”

చిన్మయ్ రాడార్ ల్యాబ్‌లో ఇంజనీరు. డ్రాయింగులు ఇవ్వమని బెదిరించిన విదేశీ ముఠా ముఖాలు చూసి, ఇంకా ప్రాణాలతో ఉన్న మనిషి అతనొక్కడే. రేపు పొద్దున ఢిల్లీలో వాంగ్మూలం ఇవ్వాలి. అతనికంటే ముందు ఇద్దరు సాక్షులు పోయారు. వాళ్ళ వెనకే, ముఠాను వెంటాడుతున్న రవిచంద్ర పోయాడు. విభాగంలో రవిచంద్ర కుర్చీ అనఘ కుర్చీ పక్కనే ఉండేది. దాని మీద అతని స్వెటర్ ఇంకా అలాగే ఉంది.

“ముఠా ఫోన్లు వాడదు. మనం వింటామని తెలుసు,” అంది కుసుమకుమారి. “సంకేతాలు సినిమా ఇంటర్వ్యూల్లో వస్తున్నాయని పూజిత చెప్పింది. ఎక్కడో తనకూ తెలియదంది. పట్టుకున్నది నువ్వు.”

పట్టుకున్నది అనఘే. ముగ్గురి చావుకూ కాస్త ముందు, ఒకే వెబ్‌సైట్‌లో నాలుగు గంటలకు వచ్చిన ఇంటర్వ్యూలు చదివింది. కొటేషన్ గుర్తుల మధ్య ఉండే కోట్‌లో మాట మారిస్తే మాట్లాడిన నటుడి మేనేజర్ ఫోన్ చేసి గొడవ చేస్తాడు. బ్రాకెట్‌లో మాట ఎవరిదీ కాదు. నటుడు వదిలేసిన ముక్కను, చదివేవాళ్ళకు అర్థం కావాలని డెస్క్ వాళ్ళు చేర్చేది. కళ్ళు దాన్ని దాటుకుని వెళ్ళిపోతాయి. ఆ మాటలు మాత్రమే వరసగా చదివితే చావు ముహూర్తం కనిపించింది.

అందుకే మూడు వారాలుగా అనఘ ఆ వెబ్‌సైట్ డెస్క్‌లో సబ్ ఎడిటర్ వేషంలో ఉంది. ఉద్యోగం ఇప్పించింది సినిమాలకు పీఆర్ చేసే పూజిత. ఆమె విభాగానికి రహస్యంగా సమాచారం ఇచ్చే మనిషి. డెస్క్‌లో బ్రాకెట్లు పెడుతున్నదెవరో మాత్రం అనఘకు ఇంకా అంతు చిక్కలేదు.

“బ్రాకెట్ల సంగతి నీకూ నాకూ మధ్యే ఉండాలి. పూజితకు కూడా చెప్పకు.”

“ఆమె మన మనిషే కదా మేడమ్?”

“మన మనిషే. అయినా చెప్పకు.” కుసుమకుమారి ఒక ముత్యాల దుద్దుల జత చేతిలో పెట్టింది. “కుడిచెవి దాంట్లో మైకుంది. దాని చప్పుడు ఆగిపోయిందంటే, నిమిషంలో మేం పైకొస్తాం.”

“బ్రాకెట్లన్నీ తీసేస్తే సరిపోదా మేడమ్? సంకేతం రాకపోతే పని రద్దు అని రవిచంద్ర చివరి మెసేజ్‌లో ఉంది కదా.”

“ఇవాళ రద్దయితే రేపు చంపుతారు. నాకు తుపాకీ పట్టుకున్న చెయ్యి కావాలి.”

*

మధ్యాహ్నం మూడుంపావుకు కాపీ వచ్చింది. పాతతరం నటి జగదాంబ ఇంటర్వ్యూ. పూజిత ఆఫీసు పంపిన ఎక్స్‌క్లూజివ్.

అనఘ చదివింది. 

“ఆ రోజుల్లో టైమంటే టైమే. [నాలుగున్నరకు] అంటే గంట ముందే మేకప్ వేసుకుని కూర్చునేదాన్ని. ఆ ఇంటి [నీలం గేటు] దాటితే చాలు, భయం పోయేది. డైరెక్టర్ గారి [తెల్ల కారు] ఆగిన చప్పుడుకే సెట్టంతా లేచి నిలబడేది.”

నాలుగున్నరకు. నీలం గేటు. తెల్ల కారు.

బాత్రూంలోకి పోయి, కుళాయి తిప్పి, ఆ మూడు మాటలూ కుసుమకుమారికి మెసేజ్ పెట్టింది. 

“చిన్మయ్‌ను దాచిన ఇల్లే,” అని వచ్చింది జవాబు. “జూబ్లీ హిల్స్‌లో ఆ ఇల్లు తెలిసింది నలుగురికే. పక్కింటి హీరో పుట్టినరోజు. గేటు ముందు అరవై మంది అభిమానులు. వాళ్ళలో ఒకడు అభిమాని కాడు. ఎవరో తెలియదు. వాడికి వీధి ముందే తెలిసుండాలి, ఏ గేటో మాత్రం నాలుగింటి ఇంటర్వ్యూలోనే తెలుస్తుంది. నీలం తీసి ఆకుపచ్చ పెట్టు. అదే వీధి చివర ఆకుపచ్చ గేటు దగ్గర మనవాళ్ళుంటారు. అక్కడికి వచ్చినవాడే మనకు కావలసినవాడు.”

నలుగురికే తెలిసిన ఇల్లు. ఆ నలుగురిలో ఒకరు రవిచంద్రను కూడా అప్పగించి ఉంటారు. అద్దంలో తన ముఖం తనకే కొత్తగా కనిపించింది. కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి సీటుకొచ్చి కూర్చుంది.

“ఏందక్కా, గట్ల చెమటలు పడుతున్నయ్?” అన్నాడు పక్క సీట్లో మౌళి. “ఏసీ పద్దెనిమిదిల ఉంది. నేను స్వెటర్ ఏస్కున్న.”

స్వెటర్ అనే మాటకు అనఘ ఉలిక్కిపడింది. “ఏం లేదు మౌళీ. కాఫీ పడలేదు.”

“గీడ కాఫీ ఎవనికి పడ్డది? జర నిమ్మకాయ సోడా తాగు.”

మూడు వారాలుగా ఆమె అనుమానం ఈ మౌళి మీదే. అతను నవ్వినప్పుడల్లా భయమేసేది.

నీలం గేటు చెరిపి ఆకుపచ్చ గేటు అని కొట్టింది. ఫైల్‌ను చీఫ్ సబ్ పరబ్రహ్మం గారికి పంపింది.

పరబ్రహ్మం గారిది గుంటూరు. ఆయన డెస్క్‌కు ఒకటే శాసనం. కోట్‌లో బ్రాకెట్ పెట్టిన సబ్, పక్కన తన పొడి అక్షరం వేయాలి. తర్వాత ఫోన్ చేసి, ఇది మీ మాటేనా అని మాట్లాడిన మనిషిని అడగాలి. కాలం మారింది సార్ అని ఎవరన్నా అంటే, ఆయన వాళ్ళ వంక చూసేవారు. అంతే. చిన్న ఇంటర్వ్యూలకు ఆ శాసనం వర్తించదని డెస్క్ ఎప్పుడో నిర్ణయించేసుకుంది. నాలుగింటి ఇంటర్వ్యూలు ఇన్నాళ్ళూ ఆయన లేనప్పుడు, భోజనానికి వెళ్ళిన వేళల్లో మౌళి చేతుల మీదుగా పోయేవి. ఇవాళ ఆయన ఏకాదశి ఉపవాసం. సీట్లోనే ఉన్నారు.

“అనఘమ్మా, ఇలా రా.”

వెళ్ళింది.

“నువ్వు మార్చిన ఆకుపచ్చ గేటు పక్కన నీ అక్షరం లేదేంటి?”

“మరిచిపోయాను సార్. వేస్తాను.”

“మిగతా రెండూ ఎవరు పెట్టారు?”

“అవి వచ్చిన కాపీలోనే ఉన్నాయి సార్. పూజిత గారి ఆఫీసు నుంచి.”

పరబ్రహ్మం గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు. “పీఆర్ కాపీలో బ్రాకెట్లా? వాళ్ళకెందుకమ్మా? కోటంతా వాళ్ళే రాసుకుంటారు. కావలసిన మాట లోపలే రాసుకోవచ్చుగా. తన ఇంట్లోకి తనే గోడ దూకి వచ్చినట్టుంది.”

 బ్రాకెట్ అంటే డెస్క్ పని అనుకుని అనఘ మూడు వారాలు డెస్క్‌ను కాచింది. బ్రాకెట్లు డెస్క్‌లో పుట్టలేదు. వచ్చేటప్పుడే వాటితో వచ్చాయి.

పూజిత.

“సార్, ఒక్క నిమిషం…”

ఆయన అప్పటికే నంబర్ నొక్కి స్పీకర్ పెట్టారు.

“పూజిత గారూ, పరబ్రహ్మాన్ని. జగదాంబ గారు ఆకుపచ్చ గేటు అన్నారా అండీ?”

అవతల కప్పు సాసర్లో పెట్టిన చప్పుడైంది. 

“కాదండీ, నీలం,” అంది పూజిత తీయగా. “ఎవరు మార్చారో నేనే వచ్చి చూస్తా సార్. కాఫీ షాప్‌లోనే ఉన్నా, మీ బిల్డింగ్ కిందే.”

*

మూడు నలభై ఎనిమిదికి ఆమె వచ్చింది. గంధం రంగు చీర, నెత్తిమీద నల్లకళ్ళద్దాలు. వరండా దాటకముందే సెంటు వాసన డెస్క్‌కు చేరింది. మౌళి కుర్చీ సర్దుకుని లేచి నిలబడ్డాడు.

“మేడమ్, మీరొస్తే ఆఫీసుకే కళ వస్తది.”

“థాంక్యూ మౌళీ,” అని నవ్వి, అనఘ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగ్ అనఘ వైపు తిరిగింది. తెరిచిన జిప్ సందులోంచి లిప్‌స్టిక్ కంటే కొంచెం లావైన గొట్టం కనిపించింది.

“దుద్దులు భలే ఉన్నాయే,” అంది. వేళ్ళు అనఘ చెవి మీదికి వచ్చాయి. కుడి దుద్దు ఊడింది. మౌళి వదిలేసిన కాఫీ కప్పులో ప్లుప్ మని పడింది. “అయ్యో, జారిపోయింది.”

అనఘ కప్పు వైపు చెయ్యి చాచింది, బ్యాగ్ అడ్డొచ్చింది.

“నీలం అని కొట్టు,” పూజిత గొంతులో తీపి పోయింది. “రవిచంద్ర కూడా చివర్లో ఇలాగే వణికాడు. నేను చూశాను.”

వేళ్ళు కీబోర్డ్ మీద పడటం లేదు. ‘నీ’ కొట్టబోతే ‘మీ’ పడింది. చెరిపింది. మళ్ళీ కొట్టింది. మూడు యాభై రెండు. జూబ్లీ హిల్స్‌లో ఎక్కడో ఒక గదిలో చిన్మయ్ బ్యాగ్ సర్దుకుని, తెల్ల కారు కోసం ఎదురుచూస్తుంటాడు. తను కొట్టే మాట అతని ఛాతీకి తగులుతుంది. కొట్టకపోతే ఇక్కడ, మౌళి కళ్ళ ముందు, తన పక్కటెముకల్లో తగులుతుంది.

నీలం గేటు.

“పంపు.”

పంపాలి. పంపితే అది పరబ్రహ్మం గారి దగ్గరికి పోతుంది. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో అనఘకు తెలియదు. భయంతో చచ్చిపోతున్న మనిషికి కూడా ఒక్కోసారి బుర్ర పనిచేస్తుంది. బ్రాకెట్ పక్కన తన పొడి అక్షరం ‘అ’ కొట్టింది. మిగతా రెండు బ్రాకెట్ల పక్కన కూడా కొట్టింది. పంపింది. తర్వాత గొంతెత్తి, అందరికీ వినపడేలా అంది.

“సార్! మూడు బ్రాకెట్లకీ నా అక్షరం వేశాను. జగదాంబ గారిని ఇంకా అడగలేదు.”

బ్యాగ్ ఆమె నడుముకు గుచ్చుకుంది.

“నేనున్నానుగా సార్,” పూజిత నవ్వింది. “ఆవిడ తరఫున నేను చెప్తున్నా.”

“మీ మాట మీరు చెప్పండమ్మా, రాసుకుంటాం,” అన్నారు పరబ్రహ్మం గారు. “ఇది ఆవిడ నోట్లో పెడుతున్న మాట. ఆవిడే చెప్పాలి.”

అప్పటికే స్పీకర్‌లో రింగ్ మోగుతోంది. ఒకటి. రెండు. ఆరు. మూడు యాభై ఆరు.

“ఎవరూ?”

“అమ్మా, పరబ్రహ్మాన్ని. ఆ షూటింగ్ ఇంటికి నీలం గేటు ఉండేదా?”

“గేటా?” జగదాంబ గొంతు ఖంగుమంది. “ఆ ఇంటికి గేటెక్కడిది నాయనా? వెదురు తడిక!”

“పొద్దున్నే నాలుగున్నరకు షూటింగ్ అన్నారు?”

“ఎనిమిదింటికి ముందు నన్ను లేపిన మగాడు ఈ పరిశ్రమలో లేడు.”

డెస్క్ గొల్లుమంది. మౌళి బల్ల చరిచాడు. అనఘకు నవ్వు రాలేదు. బ్యాగ్ ఇంకా ఆమె పక్కటెముకల్లోనే ఉంది.

“డైరెక్టర్ గారి తెల్ల కారో?”

“ఆయన రిక్షాలో వచ్చేవారు. ఎవరు నాయనా ఇవన్నీ రాసింది?”

“అదే నేనూ అడుగుతున్నానమ్మా.” పరబ్రహ్మం గారు మూడు బ్రాకెట్లూ కొట్టేశారు. నాలుగు కావడానికి పది సెకన్లుందనగా బటన్ నొక్కారు. “పోయింది.”

పూజిత తొందరపడలేదు. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. “అనఘా, కింద దాకా వస్తావా? ఒక మాట.” బ్యాగ్ చెప్పింది, రాక తప్పదని.

మెట్లు.  దుద్దు చప్పుడు ఆగి పది నిమిషాలు దాటింది. నిమిషంలో వస్తామన్నారు. రాలేదు. ఇంక రారు.

మొదటి అంతస్తు మలుపులో ఇద్దరు కానిస్టేబుళ్ళు ఎదురయ్యారు. యూనిఫారాలు వదులుగా ఉన్నాయి. ఒకడి టోపీ చెవుల దాకా దిగింది. భుజం మీద అద్దె దుకాణం చీటీ ఇంకా వేలాడుతోంది.

ఫిలింనగర్‌లో పోలీసు డ్రెస్సును చూసి ఎవరూ ఆగరు. పూజిత కూడా ఆగలేదు. “జూనియర్ ఆర్టిస్టులు షూటింగ్‌కి మూడో అంతస్తుకు పోవాలి. పక్కకి జరగండి,” అంది విసుగ్గా.

ఇద్దరూ మర్యాదగా పక్కకి జరిగారు. చెరో పక్కకి. బ్యాగ్ ఉన్న చేతిని ఒకడు పైకి విరిచాడు. గొట్టం చిట్లినట్టు పేలి, గోడ సున్నం రాలింది. అనఘ మెట్ల మీదే కూలబడింది. బట్టల దుకాణంలో కొలతలు తీసే ఆ ఇద్దరినీ అప్పుడు గుర్తుపట్టింది.

వెనకే కుసుమకుమారి ఎక్కి వచ్చింది, రొప్పుతూ.

“నిమిషం అన్నారు మేడమ్,” అంది అనఘ. ఏడుపొచ్చేసింది.

“నిమిషంలోనే మెట్ల దగ్గరికొచ్చాం. అంత మంది మధ్య తుపాకీ ఉన్న మనిషి మీదికి ఎలా దూకుతాం? తనే బయటికి రావాలి.”

“చిన్మయ్?”

“బతికే ఉన్నాడు. షూటింగ్ పేరుతో ఆ ఇల్లు అద్దెకు కుదిర్చింది పూజితే, అది నా పొరపాటు. నేను వేసిన ఎత్తు కంటే మీ ముసలాయన పనే బాగుంది. నాలుగు దాటగానే ఫోన్ చూసుకుని, హీరో ఇంకా బాల్కనీలోకి రాకుండానే ఇంటికి బయల్దేరిన అభిమాని అరవై మందిలో ఒక్కడే. వీధి మలుపులో పట్టుకున్నారు. హీరోకని తెచ్చిన దండ కింద తుపాకీ ఉంది.”

*

మర్నాడు అరెస్టు వార్త అనఘే రాసింది.  అధికారి మాటలు కోట్‌లో పెట్టింది: “ఆమె [పూజిత] నేరం ఒప్పుకుంది.” పక్కన ‘అ’ వేసింది.

పరబ్రహ్మం గారు కళ్ళజోడు పైకి తోశారు.

“ఫోన్ చేసి కనుక్కున్నావా?”

“ఆ అధికారి పేరూ ఫోన్ నంబరూ ప్రభుత్వ రహస్యం సార్.”

“అయితే బ్రాకెట్ తీసెయ్యమ్మా.”