ముండ్లకంప వెనక టీవీ

చివ్వెంల దిక్కు ఒక ఊర్లె, గొర్లదొడ్లు దాటినంక ఒక సందు ఉండె. పొద్దుగూకితే ఆ సందులకు పురుగు గూడ పోకపోతుండె. గోపమ్మ ఇల్లున్న సందు అది. నేను విన్నదే చెప్తున్న... నమ్మితే నమ్ముండ్రి, లేకుంటే మీ ఇష్టం.

తెలంగాణ రాకముందు ఏడాది ముచ్చట.

ముసల్ది గోపమ్మ పానం మంచి నక్షత్రంల పోలేదు. పంతులు వేళ్ళు లెక్కబెట్టి, ఆరునెల్లు ఇల్లు పాడువెట్టాలె అన్నడు. అంటే పొయ్యి అంటియ్యొద్దు, దీపం పెట్టొద్దు, గడప తొక్కొద్దు. తొక్కితే అదే ఇంట్లకెళ్ళి ఇంకో పీనుగ లేస్తదని నమ్మకం. కొడుకు బీరయ్య, కోడలు నవనీత బియ్యం బస్తా, నాలుగు గిన్నెలు పట్టుకొని పక్కవాడకు కిరాయికి పోయిన్రు. తలుపుకు తాళమేసి, దానికి అడ్డంగ ముండ్లకంప కొట్టిన్రు.

వారం తిరగలే.

పాలు పోసి వస్తున్న ఒకాయన ఆ సందుల సైకిల్ ఆపిండు. కిటికీ రెక్కల నడుమ... నీలం వెలుగు. ఆడతది, ఆగుతది, మళ్ళ ఆడతది. కంప వెనక, తాళం వెనక, మనిషి లేని ఇంట్ల — ఎవరో ఆడమనిషి ఎక్కెక్కి ఏడుస్తున్నది.

పాలక్యాను ఆడనే ఇడిసిపెట్టి ఉరికిండు పాపం. మూడొద్దులు జ్వరం.

మర్నాడు నలుగురు మగోళ్ళు కట్టెలు పట్టుకొని పోయిన్రు. ఇల్లంత చీకటి. "ఏం లేదురా, వాడు తాగి చూసిండు" అని ఒకడు నవ్విండు. నవ్వు నోట్లె ఉండంగనే —

టక్కున వెలుగు!

"ఓరి నాయనో... ముసల్ది టీవీ పెట్టింది!"

గోపమ్మకు టీవీ అంటే పానం. రాత్రి సీరియల్ చూడకుంటే బువ్వ ముట్టకపోతుండె. సరిగ్గ ఆ సీరియల్ యాళ్ళకే వెలిగింది. అది అయిపోంగనే ఎవరో మీట నొక్కినట్టు ఆరిపోయింది. ఎవరు పెట్టిన్రు? ఎవరు బంద్ చేసిన్రు? ఆ నలుగురు కట్టెలు పారేసి ఇండ్లల్ల పడ్డరు.

అప్పటికెళ్ళి రోజూ అంతే. కరెంటోళ్ళను తీగ తీసెయ్యమంటే, వాళ్ళు గూడ ఆ సందులకు రామన్నరు.

ఊరన్నంక ఊకుంటదా? ముసల్ది ఎందుకు తిరుగుతున్నది, ఎవరి మీద పగ? అందరి చూపు నవనీత మీద పడ్డది. మిర్యాలగూడ నుంచి దిగిన ఆడబిడ్డ నాగరాణి నలుగుట్ల కూసొని శోకం పెట్టింది.

"మా అమ్మను అరిగోస పెట్టింది! నా ముంగటనే మా అమ్మ అన్నది — నువ్వు నా టీవీ ముట్టకే, నా అర్రలకు రాకే అని. ఈ పిల్ల చెయ్యంటేనే మా అమ్మకు రోత!"

ఆ మాట అబద్ధం కాదు. గోపమ్మ అన్నది. అదే నవనీతను కోసింది.

ఎందుకంటే గోపమ్మకు కుడిచెయ్యి పడిపోయి రిమోట్ నొక్కరాకపోతుండె. సీరియల్ యాళ్ళయితే నవనీత దొడ్డికాడ గొర్లను ఇడిసిపెట్టి, చీకట్ల ఉరికొచ్చి, టీవీ పెట్టి మళ్ళ ఉరుకుతుండె. ఒకనాడు తేలు గూడ కుట్టింది. ఆ మర్నాడే ముసల్ది మొఖం తిప్పుకొని అన్నది — నువ్వు రాకు, నా టీవీ ముట్టకు అని. నవనీత దొడ్డికాడికి పోయి గొర్ల నడుమ కూసొని ఏడ్చింది. ఇగ పక్కింటోళ్ళెవరో టీవీ పెట్టిపోతున్నరు అనుకున్నది. అడగలే. ఆమెకు గూడ రోషం ఉంటది గదా!

కులపెద్ద అంజయ్య తీర్పు చెప్పిండు. "పొల్లను అనంతగిరి పంపియ్యుండ్రి, తల్లిగారింటికి. ముసల్దాని పగ సల్లారినంక సూద్దాం. రేపు పొద్దుగాలనే పోవాలె."

అత్తను అరిగోస పెట్టి సంపిందన్న పేరు మోసుకొని తల్లిగారింటికి పోతే మళ్ళ వచ్చుడు ఉంటదా? నవనీత మొగని దిక్కు చూసింది. బీరయ్య నేల చూసిండు. ఆ చూపు చూసినంక ఆమెకు భయం పోయింది. కోపం మిగిలింది.

"నేను పోను" అన్నది.

"పోకుంటే?" అన్నడు అంజయ్య.

"అదేందో ఇయ్యాల్నే తేల్చుకుంట. దయ్యమైతే నాతోనే మాట్లాడాలె గదా, మీతోని ఏం పని?"

పొద్దుగూకింది. టార్చిలైటు పట్టుకొని ఆ సందుల అడుగుపెట్టింది. వెనక ఊరంత వచ్చింది గని, దూరంగ.

ఆమె కంపకు చెయ్యి పెట్టింది.

"ఓ పొల్లా! ఆరునెల్లు నిండలే!" అంజయ్య దూరంకెళ్ళే ఒర్లిండు. "గడప తొక్కితే పీనుగ లేస్తది!"

"లేస్తే నాదే లేస్తది మామా. మోసెటందుకు తయారుండ్రి."

కంప గుంజి అవతల పారేసింది. అరచేతుల నెత్తురు. తాళం తీసింది. తలుపు కిర్రుమన్నది... లోపల ముక్కిపోయిన వాసన. గోపమ్మ అర్ర చీకటి. మంచం మీద దుప్పటి గట్లనే ఉన్నది, ఎవరో ఇప్పుడే లేచిపోయినట్టు.

నవనీత ఆ మంచం ముంగట నిలబడ్డది.

"అత్తా... ఉన్నవా?"

మంచం మీదికి టార్చి కొట్టింది.

"ఉంటే చెప్పు! నేను నీకేం తక్కువ జేసిన? నీ ముడ్డి కడిగిన, నీకు ముద్దలు పెట్టిన. నా చెయ్యెందుకు రోతైంది నీకు? చెప్పు!"

టక్కున టీవీ వెలిగింది.

బయట ఆడోళ్ళు కేకలేసిన్రు. నవనీత గోడకు ఆనుకున్నది. తెర మీద ఒకామె ఏడుస్తున్నది... ఆ ఏడ్పు పైన, మూలకు, చిన్నగ ఒక గడియారం బొమ్మ. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాలు. పదో తరగతి చదివిన పిల్ల, కూడబలుక్కున్నది.

టైమర్.

ఈ టీవీల అసొంటియి పెట్టొచ్చేది ఊరికి కేబుల్ ఇచ్చిన ప్రభుదాస్ ఒక్కనికే. ఆ పని ఇడిసిపెట్టి కోదాడల ఆటో నడుపుతున్నడు. గడపల నిలబడి, నెత్తురు చేతులతోనే సెల్లు తీసి, అందరికి వినబడేటట్టు స్పీకర్ పెట్టింది.

"ప్రభుదాసన్నా, నేను గోపమ్మ కోడల్ని. ఇల్లు పాడువెట్టినం గని, మా అత్త టీవీ దినాం వస్తున్నది. దానికి టైమర్ పెట్టినవా?"

"పెట్టానమ్మా. కరెంటు పోయొచ్చినా టైం మర్చిపోదు ఆ సెట్టు. అదేంటి... ఇంకా వస్తందా? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు స్విచ్ తియ్యలేదా ఎవరూ?"

నవనీత కంప అవతల ఉన్న నాగరాణిని చూసింది. ఇల్లు పాడువెట్టిన నాడు, అమ్మ అర్రల ఒక్క వస్తువు ముట్టొద్దని అడ్డం నిలబడ్డది ఆమెనే.

"ఎవరు పెట్టమన్నరన్నా?"

"ఇంకెవరమ్మా, మీ అత్తే! నీకు తేలు కుట్టింది చూడు, ఆ తెల్లారే నన్ను పిలిచింది. 'ఆ పిల్ల నా టీవీ కోసం చీకట్లో ఉరుకుతంది, రేపు ఏ పామో కరుస్తది. టీవీ దానంతటదే వచ్చి దానంతటదే ఆగేటట్టు చెయ్యి బిడ్డా' అంది. 'వద్దంటే ఇనేరకం కాదు, తిట్టి ఆపుత' అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుందమ్మా. చెప్తే నెత్తికెక్కుతదంట."

టీవీల ఆమె ఒక్కతే ఏడుస్తున్నది.

నాగరాణి కొంగు నోట్లె కుక్కుకున్నది. కొసకు అన్నది, "ఇగ సాలు నవనీతా... ఆ వైరు పీకెయ్."

"ఎవ్వరూ ముట్టొద్దు!" నవనీత గొంతుకు నాగరాణి రెండడుగులు వెనకకు పోయింది. "మీ అమ్మ సామాను ముట్టొద్దన్నది నువ్వే గద వదినా? ఆరునెల్లు నిండేదాక ఇది గిట్లనే వస్తది. దినాం నేనొచ్చి చూస్త. నన్ను అనంతగిరి పంపేటోళ్ళు ఎవరో ముంగటికి రాండ్రి!"

ఎవ్వరూ రాలే. కొద్దిసేపటికి బీరయ్య వచ్చిండు, తల వంచుకొని, పడేసిన కంప దాటి.

"నువ్వు ఆడనే నిలబడు" అన్నది నవనీత. నిలబడ్డడు.

ఆమె లోపలికి పోయి, మంచం పక్కన, తను ఎన్నడూ కూసోని తావుల కూసున్నది. సీరియల్ అయిపోయేదాక చూసింది.

అప్పుడు టీవీ దానంతట అదే ఆరిపోయింది. ఎందుకో అందరికి తెలుసు. అయినా జనం ఒక్కసారి ఉలిక్కిపడ్డరు.

చీకట్లకెళ్ళి నవనీత గొంతు వచ్చింది, మెల్లగ.

"నేను నెత్తికెక్కేదాన్ని కాదు గదనే అత్తా... ఒక్కసారి ఎక్కనిస్తే ఏం పోయేది నీకు?"