ఎడమ భుజం

ఉదయం 6:20.

శవం అయిదో అంతస్తు మెట్ల మలుపులో ఉంది. గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, కాస్త అలుపు తీర్చుకుంటున్నట్టే కూర్చుని ఉంది. పక్కన వీపుకి తగిలించుకునే సంచి. ఇన్‌స్పెక్టర్ జిప్ లాగాడు. లోపల రెండు ఇనప ఇస్త్రీ పెట్టెలు.

"దొంగ సరుకా సార్?" అన్నాడు కానిస్టేబుల్.

"ఇస్త్రీ పెట్టెలు ఎత్తుకుపోయేవాడు కిందికి దిగుతాడయ్యా. పైకెందుకు ఎక్కుతాడు?"

పోయినాయన ఆ భవనం కింద కొట్టు పెట్టుకున్న టైలరు. వయసు అరవై ఒకటి. తమ్ముడిదీ అదే పని, అదే కొట్టు. వయసు యాభై ఎనిమిది. పేటంతా ఒకర్ని పెద్ద టైలరనీ, రెండో ఆయన్ని చిన్న టైలరనీ పిలుస్తుంది. పెద్దాయన భార్య పోయి ఇరవై ఏళ్ళయింది. ఉన్న ఒక్క కూతుర్నీ అన్నదమ్ములిద్దరూ కలిసి పెంచారు. తమ్ముడు పెళ్ళి మాటే ఎత్తలేదు.

సంచి సంగతి తమ్ముడే చెప్పాడు. ఇంకో పద్దెనిమిది రోజుల్లో ఇద్దరూ దక్షిణ అమెరికా వెళ్ళాలి. అక్కడ కొండల మధ్య, పన్నెండున్నర వేల అడుగుల ఎత్తున ఒక సరస్సుంది. అంత పైన గాలి పలచన, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. అందుకని అన్నయ్య రోజూ 5:30కి బరువు తగిలించుకుని మెట్లెక్కుతున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కొట్లోకి వెళ్ళాడు. గోడ మీద ఎప్పటిదో క్యాలెండరు. తేదీలు చింపేశారు, సరస్సు బొమ్మ ఉంచేశారు. దానికి ఎదురుగా పెద్దాయన మిషను. ముప్ఫై ఏళ్ళుగా తలెత్తినప్పుడల్లా ఆయనకి కనిపించింది ఆ నీలం నీళ్ళే. ఊరు దాటి ఎరగని మనిషి.

కటింగ్ టేబుల్ మీద ఖాకీ కాగితం పరిచి ఉంది. ప్యాంటు కటింగ్ గీసినట్టే, మార్కింగ్ చాక్‌తో ప్రయాణం మొత్తం గీసుకున్నాడు. మొదటి రెండు రోజులు కింది ఊళ్ళో మకాం. మూడో రోజు సగం ఎత్తు. నాలుగో రోజు పైకి: "పని లేదు. మంచినీళ్ళు. పడక." అయిదో రోజు ఒకటే మాట, "సరస్సు". దాని కింద రెండు గీతలు గట్టిగా కొట్టాడు.

హ్యాంగర్లకి రెండు కొత్త ఉన్ని కోట్లు వేలాడుతున్నాయి. ఒకే రంగు, ఒకే కొలత. ఇన్‌స్పెక్టర్ రెండింటినీ తడిమాడు. ఒకదాని ఎడమ భుజం లోపల కాస్త మందంగా తగిలింది.

"ఇదేమిటి?"

"అన్నయ్య చేతి వాటం సార్," అన్నాడు తమ్ముడు, తలెత్తకుండా.

సాయంత్రం 4:40కి పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. గుండె రక్తనాళాలు మూడు పూడుకుపోయాయి. అది నిన్నమొన్నటి జబ్బు కాదు, ఏళ్ళనాటిది.

చిక్కంతా అక్కడే వచ్చింది. అరవై దాటినవాళ్ళు డాక్టర్ సర్టిఫికెట్ తేవాలని టూర్ కంపెనీ రూలు. పన్నెండు రోజుల కిందటే ఒక క్లినిక్‌లో లేడీ డాక్టర్ ఆ సర్టిఫికెట్ ఇచ్చింది. ఈసీజీ శుభ్రంగా ఉంది. గుండె భేషుగ్గా ఉందని కింద సంతకం.

కూతురు స్కూల్లో లెక్కల టీచరు. మర్నాడే స్టేషన్‌కొచ్చి కంప్లైంట్ రాసింది. డాక్టర్ నాన్నని చూడకుండానే సంతకం పెట్టేసిందనీ, ఆ కాగితమే లేకపోతే నాన్న సంచి ఎత్తేవాడే కాదనీ రాసింది. డాక్టర్ ముప్ఫై నిండని పిల్ల. క్లినిక్ వాళ్ళు అదే రోజు సస్పెండ్ చేశారు. నేరం రుజువైతే ఆమె జన్మలో మళ్ళీ స్టెతస్కోప్ పట్టలేదు.

"పేషెంట్ వచ్చాడా?" ఇన్‌స్పెక్టర్ డాక్టర్‌ని అడిగాడు.

"వచ్చారు సార్. మంగళవారం 10:15కి."

"పాస్‌పోర్ట్ చూశారా?"

"చూశాను. పోలిక సరిపోయింది."

"ఏమైనా మాట్లాడాడా?"

ఆమె ఆలోచించింది. "ఎక్కువ లేదు. ప్రతి టెస్టుకీ 'ఇక్కడ నిలబడాలా' అని అడిగారు, అంతే. చాలా ఒద్దికగా నిలబడ్డారు."

అబద్ధం చెప్పే మొహం కాదు. అయితే మొహాలు చూసి కేసులు మూసే అలవాటు ఇన్‌స్పెక్టర్‌కి లేదు. ఆయన కామా కూడా వదలకుండా ఫైలు చదివే రకం. స్టేషన్లో ఆ చాదస్తాన్ని వెక్కిరించనివాడు లేడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం 3:05కి, నాలుగోసారి చదువుతుంటే ఒక లైను దగ్గర వేలు ఆగింది. క్లినిక్‌లో తీసిన ఛాతీ ఎక్స్‌రే రిపోర్టులో ఆఖరి లైను. ఎడమ కాలర్ బోన్‌లో పాత ఫ్రాక్చర్, అతుక్కుంది.

గుండె కేసులో ఎముక గొడవ ఎవరికి కావాలి? అందరూ దాటేశారు. మూడుసార్లు ఆయన కూడా దాటేశాడు.

పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌కి ఫోన్ చేశాడు. "పోయినాయన కాలర్ బోన్లు ఎలా ఉన్నాయండీ?"

"రెండూ లక్షణంగా ఉన్నాయి. ఎప్పుడూ విరగలేదు."

ఫోన్ పెట్టేశాడు. ఎక్స్‌రే ఇంకెవరిదో. ఎవరిదో కూడా తెలిసిపోయింది, కోటు భుజం తడిమిన వేళ్ళకి గుర్తుంది. కేసు తేలినందుకు సంతోషం కలగాలి. ఆయనకి దిగులు పుట్టింది.

తొమ్మిదో రోజు ఉదయం 11:00. కొట్లో నలుగురున్నారు. డాక్టర్ ఒక మూల, కూతురు ఇంకో మూల, మొహాలు చూసుకోకుండా నిలబడ్డారు. చిన్న టైలరు తన మిషను దగ్గర కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ హ్యాంగర్ నుంచి ఒక కోటు తీసి ఆయనకిచ్చాడు.

"ఇది వేసుకోండి."

"అది అన్నయ్యది సార్."

"తెలుసు. వేసుకోండి."

వేసుకున్నాడు. బొత్తాలు పెట్టుకున్నాడు. కుడి భుజం అచ్చుగుద్దినట్టు కూర్చుంది. ఎడమ భుజం రెండు వేళ్ళ మేర దిగిపోయి, గుడ్డ ముడతలు పడి వేలాడింది.

"బాబాయ్," అంది కూతురు. "నీ భుజం..."

ఇరవై ఏడేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. ఆ భుజాన్ని ఆమె మొదటిసారి చూస్తోంది.

ఇన్‌స్పెక్టర్ ఎక్స్‌రే సంగతి చెప్పాడు. పోయినాయన ఎముక విరగలేదని చెప్పాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "ఎప్పుడు విరిగింది?"

"నాకు ఆరేళ్ళప్పుడు. అన్నయ్య నన్నెత్తుకుని గోడ దూకబోయాడు." అన్నయ్య కుట్టిన మొదటి చొక్కా తనకేననీ, దాని ఎడమ భుజంలో మెత్త పెట్టాడనీ, అప్పట్నుంచీ మెత్త లేకుండా తనకి ఒక్క గుడ్డా కుట్టలేదనీ చెప్పాడు. నలుగురూ నవ్వకూడదని. ఆ మాట అన్నదమ్ములు బయట ఎవరితోనూ అనలేదు.

"క్లినిక్‌కి వెళ్ళింది మీరు."

"నేనే సార్."

"ఎందుకు?"

"ఛాతీలో మంటగా ఉందిరా అన్నాడు. గ్యాసేలే, ఆ మిషన్లు గోరంతని కొండంత చేసి చూపిస్తాయి, నువ్వెళ్ళిరా అన్నాడు. మా ఇద్దరివీ ఒకే కొలతలు సార్. తన బట్టలు కుట్టుకున్నా ట్రయల్‌కి నిలబడేది నేనే. తన ఒంటి మీద తను పిన్నులు పెట్టుకోలేడు కదా. ఈ భుజం మీద ఒక గుడ్డ ముక్క మడిచి పెట్టేవాడు, సరిపోయేది. నలభై ఏళ్ళు నిలబడ్డాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను."

కూతురు డాక్టర్ వైపు ఓసారి చూసి, బాబాయి వైపు తిరిగింది.

"ఎనిమిది రోజులు ఈవిడ్ని తిట్టాను బాబాయ్. నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"మీ నాన్నని నేనే చంపుకున్నానని నీకెలా చెప్పను తల్లీ?"

ఆమె డాక్టర్ దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుంది. డాక్టర్‌కి ఏడుపు ఆగలేదు. పాస్‌పోర్ట్ ఇంకోసారి చూసి ఉండాల్సింది అని మాత్రం అనగలిగింది.

కంప్లైంట్ మార్చి రాయాలి. ఇన్‌స్పెక్టర్ చాక్ గీతల పక్కనే కాగితం పెట్టాడు. కూతురు చకచకా రాసింది. ముద్దాయి పేరు దగ్గరికొచ్చేసరికి పెన్ను కింద పెట్టేసింది. చిన్న టైలరు పెన్ను తీసుకున్నాడు. అలవాటుగా "చిన్న టైలరు" అని రాసి, కొట్టేసి, పేటలో ఎవరికీ తెలియని తన అసలు పేరు రాశాడు.

ఇన్‌స్పెక్టర్ వెంట స్టేషన్‌కి బయల్దేరి చిన్న టైలరు గుమ్మం దాటబోతుంటే కూతురు రెండో కోటు పట్టుకుని వెనకాలే వచ్చింది.

"నీది వేసుకో బాబాయ్. అందరూ చూస్తారు."

ఆయన ఒంటి మీది కోటు చెయ్యి నిమిరాడు. "చూడనీ అమ్మా. ఇదే ఉండనీ."

వీధిలో జనం నిలబడి చూశారు. చూసింది పోలీసుని కాదు, ఆ భుజాన్ని. ఆమె కోటు చేతి మీద వేసుకుని, గబగబా నడిచి, బాబాయికి ఎడమ పక్కకి వెళ్ళి నడవసాగింది.